సిటీ వీటెక్‌కు ఏ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పెట్టాలె? పాలమూరు నుంచి నా అనుభవం

నా బండి హోండా సిటీ 1.5 వీటెక్, 2002 మోడల్, ఏపీ 22 నంబరు. సెడాన్ కింద అమ్మిన బండే అయినా దాని లోపల ఉన్నది స్పోర్ట్స్ కారు ఇంజనే అని నేను గట్టిగ నమ్ముత. 1493 సిసి, 75 మిల్లీమీటర్ల బోరు, 84.5 స్ట్రోకు, ఒకటే క్యామ్‌షాఫ్ట్ మీద వీటెక్ (ఇంజన్ స్పీడు బట్టి వాల్వ్‌లు తెరుచుకునే తీరు మార్చే హోండా పద్ధతి), కంపెనీ లెక్క ప్రకారం 106 బీహెచ్‌పీ. పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు మార్చుడు ఎట్లనూ తప్పదని తేలినంక, ఆ పనిలో పనిగా ఇంజన్‌కు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా మంచిది పెట్టుకోవాలని అనుకున్న. బిగించుడు పెద్ద కష్టం కాదు. ఏది బిగించాలె అన్నది తేల్చుకునుడే అసలు పని. ఇంజన్ పనికన్నా నాకు దానికే ఎక్కువ టైం పట్టింది, ఆ టైం పెట్టినందుకు సంతోషంగ ఉంది. సివిక్, సిటీ, లాన్సర్ లాంటి టర్బో లేని పెట్రోల్ ఇంజన్లను ఇష్టపడేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న.

మానిఫోల్డ్ అంటే చూడబోతే ఒక డబ్బా, దానికి నాలుగు గొట్టాలు. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటిన గాలి ముందు డబ్బాలకు పోతది, దాన్ని ప్లీనమ్ అంటరు. అక్కడి నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం, అది రన్నర్. తొవ్వ ఎంత వెడల్పుంటే గాలి అంత మంచిగ పోతదని మనకు అనిపిస్తది. కానీ గాలికి బరువుంది, ఊపుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు రన్నర్‌ల గాలి ఉరుకుతది. పిస్టన్ అడుగుకు పోయి పైకి మళ్లినా ఆ ఊపు మీద ఇంకొంత గాలి లోపలికి దూరుతనే ఉంటది. అందుకే పిస్టన్ అడుగు తాకినంక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటది. గొట్టం మరీ లావైతే తక్కువ ఆర్‌పీఎంల (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) గాలి నెమ్మదిస్తది, ఆ ఊపు పోతది.

దీని మీద ఇంకొక సంగతి, అల. పిస్టన్ గుంజినప్పుడు పుట్టే తక్కువ ప్రెషర్ అల ధ్వని వేగంతోని రన్నర్ వెంబడి ప్లీనమ్ దాక పోయి, అక్కడ తిరగబడి ఎక్కువ ప్రెషర్ అలగా వెనక్కి వస్తది. పొలం కాడ బోరు మోటరు బంద్ చెయ్యంగనే పైపుల నీళ్లు వెనక్కి మళ్లి ధన్నుమని కొడుతయి కదా, అదే తీరు. ఆ దెబ్బ సరిగ్గా వాల్వ్ మూసుకునే ముందు వచ్చి తాకిందంటే సిలిండర్‌ల గాలి కొంచెం ఎక్కువ నిండుతది. ముందుగానో ఆలస్యంగానో వస్తే ఆ లాభం లేదు. గొట్టం పొడుగే ఆ టైంను నిర్ణయిస్తది. ఒక పొడుగు ఒక ఆర్‌పీఎంకే మంచిగ కుదురుతది. మానిఫోల్డ్ ఎంచుకునుడంటే ఏ ఆర్‌పీఎం కాడ లాభం కావాలో ఎంచుకునుడే.

జడ్చర్లల మా మెకానిక్ అన్న హోండా ఇంజన్లు ఏండ్ల నుంచి విప్పుతున్న మనిషి. ఆయన కాడికి పోయి చెప్పంగనే అడిగిన మొదటి మాట ఇది: “తమ్మీ, నీకు పైన పవర్ కావాల్నా, నడుమ పికప్ కావాల్నా? రెండూ గావాలంటే ఏ మానిఫోల్డూ ఇయ్యది. ముందుగాల నీ బండి ముల్లు ఎక్కడ తిరుగుతదో చూసుకొని రా.”

ఆ మాట నాకు బాగ నచ్చింది. ఇంటికొచ్చి ఫోన్ హోల్డర్‌ను స్టీరింగ్ వెనుక మీటర్ల దిక్కు తిప్పి బిగించిన. ఆర్‌పీఎం మీటర్ పూర్తిగ కనపడేటట్టు వీడియో పెట్టి నా మామూలు తొవ్వలన్నీ తిరిగిన. జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు మీదుగ ఆలంపూర్ చౌరస్తా దాక 44వ నంబరు హైవే. ఇంకో దిక్కు కల్వకుర్తి, డిండి, అచ్చంపేట, మన్ననూరు మీదుగ శ్రీశైలం. ఆ శ్రీశైలం తొవ్వ మీదనే నాకు ప్రాణం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక అడవి గేట్లు మూస్తరు కాబట్టి తెల్లారగట్ల మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఆగి, గేటు తీయంగనే పోవుడు అలవాటు. అమ్రాబాద్ పులుల అడవి నడుమ నేను ఉరికియ్య, అది జంతువుల జాగ. కానీ శ్రీశైలం డ్యామ్ కిందున్న వంతెన దాటి ఈగలపెంట దిక్కు ఎక్కే ఘాట్‌ల ఏ బండి దమ్మెంతో తెలిసిపోతది. మలుపుల బండి నెమ్మదిస్తది, రెండో గేరో మూడో గేరో అడుగుతది, మలుపు దాటంగనే లాగాలె.

ఇంట్ల కూసొని వీడియో ఆపుకుంట ఆపుకుంట, ప్రతి ఐదు సెకండ్లకు ముల్లు ఎక్కడుందో నోట్‌బుక్‌ల రాసిన. ఎడమ దిక్కు ఆర్‌పీఎం, కుడి దిక్కు గీతలు, పాలోళ్ల లెక్క తీరు. హైవే మీద ఐదో గేరుల 3,000 చిల్లర కాడ గీతలన్నీ గుంపు కట్టినయి. ఘాట్‌ల 3,000 నుంచి 5,500 దాక పరుచుకున్నయి. 6,000 పైన గీతలు చాలా తక్కువ. ఓవర్‌టేక్ చేసేటప్పుడు పడ్డవే అవి. మా దోస్తులు కొందరు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోతరు, 3.7 కిలోమీటర్ల సర్క్యూట్. వాళ్ల వీడియోలు తెప్పించి అదే తీరు లెక్క కట్టిన. అక్కడ ముల్లు 5,000 కిందికి దిగుడే తక్కువ. ఒకటే ఇంజన్, రెండు బతుకులు. వాళ్లకు మంచిదైన మానిఫోల్డ్ నాకు మంచిది కాదన్నది ఆ నోట్‌బుక్ పేజీలోనే తేలింది.

తర్వాత కొలత. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ధ్వని వేగం 35 డిగ్రీల గాలిల సెకండుకు సుమారు 352 మీటర్లు. పిస్టన్ గట్టిగ గుంజిన కాడ పుట్టిన అల వాల్వ్ మూసుకునే వేళకు తిరిగి రావాలంటే, ఆ నడుమ క్రాంక్‌షాఫ్ట్ సుమారు 90 డిగ్రీలు తిరుగుతదని పెట్టుకుందాం. 6,000 ఆర్‌పీఎంల ఒక చుట్టుకు 10 మిల్లీసెకండ్లు, 90 డిగ్రీలకు 2.5. అంతసేపట్ల అల 88 సెంటీమీటర్లు నడుస్తది. పోయి రావాలె కాబట్టి సగం, 44 సెంటీమీటర్లు. లెక్క సులువు చేసుకోవాలంటే 2,640ని ఆర్‌పీఎంతోని భాగిస్తే మీటర్లల్ల పొడుగు వస్తది. 7,000కు 38 సెంటీమీటర్లు, 5,000కు 53, 4,500కు 59. క్యామ్ మారితే ఆ 90 డిగ్రీలు మారుతది, ప్లీనమ్ సైజు బట్టి కూడా కొంత అటు ఇటు అయితది. నిఖార్సైన లెక్కకు సాఫ్ట్‌వేర్లున్నయి. అయినా రెండు మానిఫోల్డ్‌లు పక్కపక్కన పెట్టి చూసుకోనీకి ఈ లెక్క మస్తు సరిపోతది.

ఈ పొడుగు వాల్వ్ సీటు నుంచి కొలవాలె. హెడ్ (వాల్వ్‌లు ఉండే ఇంజన్ పైభాగం) లోపలి పోర్టు, అంటే గాలి తొవ్వ, కూడా దాంట్ల భాగమే. చాలామంది మానిఫోల్డ్ గొట్టం ఒక్కటే కొలిచి లెక్క తప్పుతరు. నేను ఇంటి వైరింగ్‌ల మిగిలిన లావుపాటి కరెంటు వైరు ముక్క తీసుకొని, రన్నర్ నడుమ వంపు వెంబడి పోయేటట్టు వంచి, రెండు కొసల కాడ టేపు చుట్టి, బయటికి గుంజి సాపు చేసి కొలిచిన. ప్లీనమ్ ఎంత పడుతదో చూడనీకి రంధ్రాలన్నీ మూసి కొలత మగ్గుతోని నీళ్లు పోసిన. నా బండి పాత మానిఫోల్డ్ పోర్టుతో కలిపి 45 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 5,900 కన్నా కొంచెం కింద కుదిరేది. కంపెనీ ఇంజనీర్లు ఊరికే చెయ్యలే. ఘాట్ కోసం 4,500కు కుదరాలంటే 59 సెంటీమీటర్ల గొట్టం కావాలె, బోనెట్ కింద అంత జాగ లేదు.

ఇక దొరికే సరుకు సంగతి. నా బండిది కూడా అదే రకమైన హోండా డి సిరీస్ ఇంజన్లకు ఎడెల్‌బ్రాక్, స్కంక్2 లాంటి అమెరికా కంపెనీల అల్యూమినియం మానిఫోల్డ్‌లు పేరున్నవి. పోత నీటుగుంటది, గోడలు మందంగుంటయి, పెద్ద థ్రాటిల్ బాడీ పడుతది. ట్రాక్‌కు పోయే దోస్తు కాడ రేసు కోసం చేసిన పొట్టి రన్నర్ల మానిఫోల్డ్ ఒకటుంటే అడిగి తెచ్చి అదే వైరుతోని కొలిచిన. పోర్టుతో కలిపి 33 సెంటీమీటర్లు. మన లెక్కల అది 8,000 ఆర్‌పీఎం. 7,000 దాటితే కటాఫ్ కొట్టే (పెట్రోల్ తనంతట బంద్ చేసుకునే) ఇంజన్‌కు 8,000 కాడి లాభం దేనికి? క్యామ్ మార్చి, వాల్వ్ స్ప్రింగులు మార్చి, కటాఫ్ పైకి జరిపినోళ్లకు అది బంగారం. నా తొవ్వకు అది నడుమ పికప్ తినే వస్తువు. ఆ మానిఫోల్డ్ తయారీల ఏ లోపం లేదు, నా ముల్లు తిరిగే జాగ వేరు, అంతే.

రెండోది ఆన్‌లైన్ల చవకగా దొరికే కాపీ. ఫోటోల చూస్తే అసలుకు నకలుకు తేడా కనపడది. మా దోస్తు ఒకాయన కొన్నడు, బిగించే ముందు చూద్దామని మా మెకానిక్ అన్న షెడ్డుకు తెచ్చిండు. ఆ రోజు చూసింది ఎవ్వరికైనా పనికొస్తది, అందుకే కొంచెం వివరంగ చెప్త.

ముందుగాల హెడ్‌కు ఆనే ఫ్లాంజ్ (నట్లు బిగించే సాపు అంచు) మీద ఇనుప స్కేలు నిలువుగ పెట్టి, కింద వెలుతురు వస్తుందా చూసిండు అన్న. నడుమ రెండు పోర్టుల కాడ సన్నటి వెలుగు గీత కనపడ్డది. ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చి చూస్తే 0.25 మిల్లీమీటర్ల బ్లేడు సులువుగ పోయింది. 0.1 దాటితేనే ఆయన ఒప్పుకోడు, మిల్లింగ్ మిషన్ మీద సాపు చెయ్యాల్సిందే అంటడు. ఆ వంకర మీద నట్లు బిగిస్తే గ్యాస్కెట్ కొన్ని దినాలు ఆపుతది, తర్వాత గాలి పీల్చుడు మొదలైతది, ఆ సిలిండర్ల గాలి-పెట్రోల్ మిక్చర్ పల్చబడి వేడెక్కుతది. అటెంక రన్నర్ల బయటి దిక్కు సుద్దపొడి నీళ్లల్ల కలిపి పూసి ఆరబెట్టిండు. అన్ని రంధ్రాలకు రబ్బరు ముక్కలు, చెక్క పలకలు బిగించి లోపల కిరోసిన్ పోసి, బయట నీడకు, పొయ్యికి మంటకు దూరంగ ఒక బల్ల మీద పెట్టినం. చాయ్ తాగి వచ్చేసరికి తెల్లటి సుద్ద మీద మూడో రన్నర్ వంపు కాడ సూదిమొన అంత మచ్చలు తేలినయి. చూస్తుండంగనే అవి పెసరగింజంత అయినయి. పోతల చిన్న చిన్న రంధ్రాలు, కంటికి కనపడవు, కిరోసిన్‌కు దొరుకుతయి. లోపల వేలు పెట్టి తడిమితే ఇసుక గరుకు ఇంకా తగులుతున్నది. ఆ ఇసుక రేణువు ఒకటి ఊడి సిలిండర్లకు పోతే కొత్త రింగుల గతి ఏందో చెప్పనక్కర్లేదు. మా దోస్తు దాన్ని వాపస్ పంపిండు. చవక సరుకంతా ఇట్లనే ఉంటదని నేననను. స్కేలు, ఫిల్లర్ గేజ్, సుద్ద, కిరోసిన్, ఈ పరీక్ష దాటినదాన్ని పెట్టుకోవచ్చు, దాటనిదాన్ని ఏ బ్రాండైనా పెట్టొద్దు.

మూడో తొవ్వ, మనమే చేయించుకునుడు. హైదరాబాద్ బాలానగర్ దిక్కు లేత్, మిల్లింగ్, ఆర్గాన్ వెల్డింగ్ పనోళ్లకు కొదవ లేదు. అల్యూమినియం పైపులు వంచి, ఫ్లాంజ్ కోసి, కోరిన పొడుగుతోని చేసిస్తరు. నేను పోయి మాట్లాడిన, వాళ్ల పని చూసి చానా మెచ్చుకున్న. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంకర పోకుండ మందపాటి ఇనుప దిమ్మెకు బిగించి అతుకుతరు, తర్వాత మళ్లా సాపు చేస్తరు. నిజంగ కావాల్సిన పొడుగు ఇదొక్కటే ఇయ్యగలదు. కానీ ఇంజెక్టర్ల గుంతలు, ఐడిల్ వాల్వ్ జాగ, మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ లోపలి గాలి ప్రెషర్ చూసేది), బ్రేక్ బూస్టర్ వాక్యూమ్, పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లా గుంజుకునే వాల్వ్), ఇవన్నీ డ్రాయింగుల పెట్టి ఇయ్యాలె. ఒక్కటి తప్పినా మళ్లా మొదటికే. రోజూ తిరిగే బండికి ఇంత పని వద్దనుకున్న. నాలుగు థ్రాటిల్ బాడీలు విడివిడిగ పెట్టే పద్ధతి ఒకటుంది. ఆ చప్పుడు వింటే ఒళ్లు పులకరిస్తది. హోండా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాప్ సెన్సర్ వాక్యూమ్ చూసి పెట్రోల్ లెక్క కడతది, నాలుగు విడిపోతే ఆ సిగ్నల్ సరిగ రాదు, ఈసీయూ మొత్తం మార్చాలె. నా ఖర్చుల అది లేదు.

చివరికి మిగిలింది నాలుగోది, నేను తీసుకున్నది. హోండానే చేసిన ఇంకో మానిఫోల్డ్. అమెరికాల 1996 నుంచి 2000 దాక సివిక్ ఈఎక్స్‌ల వచ్చిన డి16వై8 ఇంజన్, 1.6 లీటర్ల వీటెక్. డి సిరీస్ తెలిసినోళ్లు దాని మానిఫోల్డ్‌ను కంపెనీ మానిఫోల్డ్‌లన్నిట్ల మంచిదంటరు. ప్లీనమ్ నాదానికన్నా పెద్దది, రన్నర్ లోపలి వ్యాసం కొంచెం ఎక్కువ, పొడుగు మాత్రం దగ్గర దగ్గర అంతే. పెద్ద కంపెనీ పోత కాబట్టి ఇసుక, రంధ్రాల భయం లేదు.

డాలస్‌ల మా బావ ఉంటడు. జంక్ యార్డుల ఒకటి దొరికిందని ఫోన్ చేసిండు. “బావా, కొనకు, ముందు దాని గ్యాస్కెట్ ఒకటి కొని స్కేలు పక్కన పెట్టి స్కాన్ చేసి పంపు” అన్న. ఆయనకు విచిత్రమనిపించింది గని పంపిండు. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌ల ప్రింటింగ్ షాపుల అసలు సైజులనే కాగితం మీద తీయించి, స్కేలు గీతలు సరిపోయినయో లేదో కొలిచి, నా బండి మానిఫోల్డ్ గ్యాస్కెట్ మీద పెట్టి కిటికీకి ఆనించి చూసిన. నాలుగు పోర్టులు కూర్చున్నయి. పై వరుస స్టడ్ రంధ్రాలు రెండు కొంచెం పక్కకున్నయి. నీళ్లు పోయే రంధ్రం అంచు కూడా గ్యాస్కెట్ లోపలనే వచ్చింది. లేత్ షాపుల ఆ రెండు రంధ్రాలు కొంచెం పొడుగు చేస్తే సరిపోతదని మెకానిక్ అన్న చూసి చెప్పినంకనే కొనమని చెప్పిన. ఒకటే పేరు ఇంజన్ల కూడా హెడ్‌లు మారుతయి. ఎవరిదో బండికి సరిపోయిందని విని డబ్బులు పంపొద్దు, గ్యాస్కెట్ కాగితం మీద చూసుకోండి. మా బావ సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసుల బట్టల నడుమ పెట్టి తెచ్చిండు. పార్సిల్ ఖర్చు మిగిలింది, మా అక్క చీరలకు నూనె వాసన పట్టింది.

బిగించే ముందు చేసిన ఒక పని ముఖ్యం. కొత్త రింగులు వేసిన ఇంజన్‌ను ముందు పాత మానిఫోల్డ్‌తోనే నడిపి, రన్నింగ్ అయినంక హైదరాబాద్‌ల డైనో (చక్రాల కాడి పవర్ కొలిచే మిషన్) మీద చూయించిన. రింగుల లాభం మానిఫోల్డ్ ఖాతల పడొద్దని. డైనో షీటు తీసుకునేటప్పుడు కింద చిన్న అక్షరాలల్ల ఏ కరెక్షన్ (గాలి వేడి, ప్రెషర్ బట్టి అంకెను సరిచేసే లెక్క) అని ఉందో చూడాలె. ఎస్ఏఈ జె1349 అంటే 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ ప్రెషర్ లెక్క. పాత ఎస్‌టీడీ లెక్క చల్లటి గాలికి, ఎక్కువ ప్రెషర్‌కు కడతరు, దాంట్ల ఒకటే బండికి సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తది. ముందు ఒకటి, తర్వాత ఇంకోటి వాడితే ఉత్తగనే పవర్ పెరిగినట్టు కనపడుతది. రెండుసార్లూ ఎస్ఏఈ లెక్కనే, ఒకటే గేరుల, టైర్లల్ల ఒకటే గాలితోని చేయించిన.

మన వేడి సంగతి కూడా పట్టించుకోవాలె. మే నెలల పాలమూరు, నల్లగొండ దిక్కు 44, 45 డిగ్రీలు చూస్తూనే ఉన్నం. 25 డిగ్రీల గాలితోని పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పల్చగుంటది, అంటే అంత పవర్ ఎండకే పోయినట్టు. అల్యూమినియం మానిఫోల్డ్ హెడ్ వేడిని గుంజుకుంటది. ట్రాఫిక్‌ల ఆగితే చెయ్యి పెట్టలేం. అందుకని హెడ్‌కు మానిఫోల్డ్‌కు నడుమ వేడి ఆపే స్పేసర్ ఒకటి చేయించిన. కరెంటు ప్యానెళ్లకు వాడే హైలం షీట్‌ల బట్ట పొరలతో చేసిన రకం తీసుకొని, గ్యాస్కెట్ అచ్చు పెట్టి కోయించి, రెండు దిక్కులా కొత్త గ్యాస్కెట్లు వేసిన. 4 మిల్లీమీటర్ల మందం. దానికి తగ్గట్టు స్టడ్లు పొడుగువి వెయ్యాలె, నట్టు పూర్తిగ మరలు పట్టాలె. రన్నర్ పొడుగు లెక్కల ఆ 4 మిల్లీమీటర్లు కూడా కలిసినయి. అన్నీ కలిపి 43 చిల్లర, అంటే 6,100 దగ్గర కుదిరేది.

థ్రాటిల్ బాడీ పెద్దది పెట్టమని అందరూ చెప్తరు. 60 మిల్లీమీటర్ల నుంచి 64కు పోతే విస్తీర్ణం 14 శాతం పెరుగుతది. వినసొంపుగ ఉంటది గని, ఫుల్ థ్రాటిల్‌ల మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూస్తే బయటి గాలి ప్రెషర్‌కు నా బండిది దాదాపు సమానంగనే వచ్చింది. అంటే పాత థ్రాటిల్ గాలిని ఆపుతలేదు. అది మార్చలే. బోనెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ కూడా వద్దన్న. రేడియేటర్ వెనుక వేడిగాలి మింగి పవర్ పెరిగిందని ఎట్లంటం? కంపెనీ ఫిల్టర్ డబ్బానే ఉంచి, దాని నోరు ఫెండర్ దిక్కు చల్లగాలికి మళ్లించినం, గుంతలల్ల నీళ్లు మింగకుండ ఎత్తుల.

బిగించుడు ఒక పూట పని. ఇంజన్ చల్లగున్నప్పుడు బ్యాటరీ మైనస్ తీసి, పెట్రోల్ ఫిల్టర్ మీదున్న సర్వీస్ బోల్టు మెల్లగ తిప్పి, బట్ట అడ్డం పెట్టి ప్రెషర్ వదిలినం. కూలెంట్ దింపినం. కొత్త మానిఫోల్డ్‌ల పోర్టు అంచులు గ్యాస్కెట్ గీతకు సరిపోయేటట్టు ఎమ్రీ కాగితంతోని సాపు చేసి, కిరోసిన్‌తోని కడిగి, గాలి కొట్టినం. నట్లు నడుమ నుంచి బయటికి, కొంచెం కొంచెం బిగించుకుంట, చివరికి టార్క్ రెంచ్‌తోని 23 న్యూటన్ మీటర్లు. మానిఫోల్డ్ కింద ఇంజన్ బ్లాకుకు పోయే సపోర్టు పట్టీ ఒకటుంటది. చేతికి అందదని చాలా షాపులల్ల దాన్ని వదిలేస్తరు. అది లేకుంటే ఆ బరువంతా ఫ్లాంజ్ మీదనే ఊగుతది. రంధ్రం కలవకుంటే అన్న కొత్త పట్టీ కోసి మరీ బిగించిండు. బ్రేక్ బూస్టర్ పైపు కొత్తది వేసి, వన్‌వే వాల్వ్ నోటితో ఊది చూసి, ఇంజన్ ఆపంగనే బ్రేక్ పెడల్ గట్టిపడకుండ ఉంటుందా చూసినంకనే బండి షెడ్డు దాటింది. తర్వాత మానిఫోల్డ్‌లకు పొగ పంపి లీకులు చూసినం. ఐడిల్ వాల్వ్ గ్యాస్కెట్ కాడ సన్నగ లేచింది, మార్చినం.

దీని తర్వాత ట్యూనింగ్ లేకుండ వదిలేస్తే పని సగమే. మామూలుగ నడిపేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిచేసుకుంటది. ఫుల్ థ్రాటిల్‌ల అది చూడది, కంపెనీ టేబుల్‌ల ఉన్నంత పెట్రోలే పోస్తది. గాలి పెరిగి పెట్రోల్ పెరగకుంటే మిక్చర్ పల్చబడుతది, నాకింగ్ (సిలిండర్ల మిక్చర్ అడ్డదిడ్డంగ పేలుడు) వస్తది. పిగ్గీబ్యాక్ (ఈసీయూ సిగ్నళ్లను సరిచేసే చిన్న డబ్బా) పెట్టి, గాలి-పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ గేజ్ చూసుకుంట సరిచేయించిన. ఇప్పుడు బంకులల్ల వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. దానికి ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అనే లెక్క పనికిరాదు, గేజ్‌ను లాంబ్డాల (గాలి సరిగ్గా సరిపడితే 1, పెట్రోల్ ఎక్కువైతే అంతకన్నా తక్కువ) పెట్టుకోవాలె. ఫుల్ థ్రాటిల్‌ల 0.88 చుట్టుపక్కల ఉంచినం. పాత బండి కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోల్ హోసులు కూడా అప్పుడే మార్చిన.

డైనో మీద చక్రాల కాడ ముందు 86 బీహెచ్‌పీ వచ్చింది, తర్వాత 91. పెరిగింది ఎక్కువ 5,000 పైన. 4,000 నుంచి 5,000 నడుమ టార్క్ గీత కొంచెం పైకి లేచింది, 3,000 కాడ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డయి. నాకు కావాల్సింది సరిగ్గా అదే, కింద పోగొట్టుకోకుండ నడుమ పెరగాలె. ట్రాక్ మానిఫోల్డ్ పెట్టిన దోస్తు షీటుల పైన నాకన్నా ఎక్కువుంది, 3,500 కాడ గుంత కూడా ఉంది. ఆయనకు ఆ గుంతతోని పని లేదు. ఈగలపెంట ఘాట్‌ల మూడో గేరు నుంచి రెండుకు దింపాల్సిన మలుపులు కొన్నిట్ల ఇప్పుడు మూడోలనే లాగుతున్నది. స్టీరింగ్ పట్టుకున్నోడికి అది షీటుల అంకెకన్నా బాగ తెలుస్తది.

కాగితాల సంగతి చెప్పకుండ వదలొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిల మార్పులు చేసి ఆర్‌సీల ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలు తప్పేటట్టు చెయ్యొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగ చెప్పింది. నేను ఇంజన్ నంబరు, సిసి, సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ ఏదీ ముట్టుకోలే. పని కాంగనే పొల్యూషన్ చెక్ చేయించి సర్టిఫికెట్ తీసుకున్న. ఇన్సూరెన్స్ వాళ్లకు మార్చిన పార్టు పేరు, ఫోటో, బిల్లులతోని మెయిల్ రాసి, దాని కాపీ బండిల పెట్టుకున్న. ఆర్‌సీ 15 ఏండ్లు దాటి రెన్యువల్ మీద నడుస్తున్న బండి కాబట్టి, పాత మానిఫోల్డ్‌ను దాని స్టడ్లు, గ్యాస్కెట్, సపోర్టు పట్టీతో సహా ఒక డబ్బాల కట్టి అటక మీద ఉంచిన. ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు అడిగితే మళ్లా బిగించుకునేటట్టు ఏ రంధ్రం, ఏ వైరు కోయలే. హైలం స్పేసర్ వేడికి కొంచెం కుదురుకుంటది కాబట్టి, మొదటి నెల తిరిగినంక చల్లటి ఇంజన్ మీద నట్లన్నీ టార్క్ రెంచ్‌తోని మళ్లా చూసినం. నడుమ రెండు కొంచెం తిరిగినయి, మిగతావి కదల్లే.